గోదాము కొలువులు: శిక్షణ ఉచితం.. పత్రాలు కీలకం

మూటలు మోయడమే గోదాము పని అనుకుంటే పొరపాటు. వచ్చిన సరకును స్కానర్‌తో నమోదు చేయడం, ఆర్డరు ప్రకారం ఏరడం, ప్యాకింగ్, ఫోర్క్‌లిఫ్ట్ నడపడం వంటి పనులకు శిక్షణ పొందినవారు అవసరం. 15-35 ఏళ్ల గ్రామీణ పేద యువతను ఉద్దేశించి కేంద్రం 2014లో ప్రారంభించిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో ఈ రంగానికీ చోటు కల్పించారు. అభ్యర్థులు రుసుము చెల్లించనక్కరలేదు. సీటు ఇప్పిస్తామంటూ ఎవరైనా డబ్బు అడిగితే అనుమానించవలసిందే.

అసలు చిక్కు నియామకంలో ఉంది. పని పెద్ద కంపెనీలోనే అయినా, నియామక పత్రం చాలాచోట్ల కాంట్రాక్టరు పేరిట వస్తుంది. కాంట్రాక్టరు వేతనం ఎగవేస్తే ప్రధాన యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం నిర్దేశించింది. 2020 నాటి వృత్తి భద్రత స్మృతిలోనూ ఆ నిబంధన కొనసాగింది. అయితే అక్కడ పనిచేసినట్లు రుజువు ఉండాలి కదా! అందువల్ల నియామక పత్రం, హాజరు వివరాలు, వేతన చీటీలు, పీఎఫ్ సంఖ్య మొదటి నెల నుంచే భద్రపరచుకోవాలి.