పెనుకొండ సీమ గాయకులు: పాట నిలిచిన తెఱగు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అనగానే లోకులకు కఱవును, వేరుసెనగయు, పట్టుచీరలును జ్ఞప్తికి వచ్చును. సంగీతమనగానే తంజావూరి వంక చూతురు. మన సీమలో పాటనే బ్రతుకుగా గొన్నవారెవరు, వారికి అన్నమిడిన చేయి యేది, ఆ చేయి తొలగిన పిమ్మట పాట యేమయ్యెను అని విచారించుటయే యీ ప్రసంగమున కుద్దేశము.

మొదట పెనుకొండ. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 మొదలు 1503 వఱకు జీవించెనని సంప్రదాయము. ఆతని మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన చరిత్రము ప్రకారము, సాళువ నరసింహుడు అన్నమయ్యను పెనుకొండకు రప్పించి కొలువులో పాడించుకొనెను. వేంకటేశ్వరునిపై చెప్పిన పదము విని మురిసి, తనపై నట్టి పదమొకటి చెప్పుమని కోరెను. హరిని కీర్తించిన నోటితో నరుని కీర్తింపజాలనని కవి నిరాకరించెను. రాజు సంకెలలు వేయించెను. స్వామిని పాడగా నవి వీడెనని చిన్నన్న వ్రాసెను. ఆ నరసింహుడే పిదప 1485లో విజయనగర సింహాసన మెక్కినాడు.

సంకెల వీడిన మాటను భక్తులు నమ్ముదురు, చరిత్రజ్ఞులు తర్కింతురు. కాని యిరువురు నొప్పుకొనదగిన దొకటి కలదు. రాజాశ్రయమునకు వెల యుండును. ఆ వెల చెల్లింపనొల్లని గాయకుడు వేఱొక నీడ వెదకుకొనవలెను. అన్నమయ్యకు ఆ నీడ తిరుమల కోవెల. ఆయన సంకీర్తనములు 32,000 అని ప్రసిద్ధి. తాళ్లపాకవారు వానిని రాగిరేకులపై చెక్కించి ఆలయమున భద్రపఱచిరి. మనకు దక్కినవి అందులో సగమునకు లోపే. ఆ రేకులపై పాట కలదు, రాగము పేరు కలదు. స్వరము మాత్రము లేదు. పాడు తీరు గురువు నోట శిష్యుడు నేర్చుకొనవలసినదే. ఆ పరంపర తెగెను. రేకు మిగిలెను, వరుస పోయెను.

ఇక హిందూపురమునకు చేరువనున్న లేపాక్షి. అచ్యుతదేవరాయలు 1529 మొదలు 1542 వఱకు ఏలెను. ఆ కాలమున విరుపణ్ణ కట్టించిన వీరభద్రాలయములో నాట్యమండపమును మీలో పెక్కురు చూచియే యుందురు. రంభ యాడుచున్నది, తుంబురుడు వీణ మీటుచున్నాడు, బ్రహ్మ మద్దెల వాయించుచున్నాడు, మూడుకాళ్ల భృంగి నట్టువము నడపుచున్నాడు. రాయి వాద్యమును నిలిపినది గాని నాదమును నిలుపలేదు. దేవతల పేళ్లు పసివారును చెప్పుదురు. ఆ మండపములో నాడి పాడిన మనుష్యుల పేళ్లు చెప్పువారేరీ? 1565లో రాక్షస తంగడి యుద్ధము పిమ్మట రాజధాని పెనుకొండకు వచ్చెను. తరువాత చంద్రగిరికి తరలెను. కొలువు కదలినచోట, కొలువును నమ్మిన విద్యయు కదలక తప్పునా?

రాజులు పోయిన కాలమున ధర్మవరము మఱొక త్రోవ చూపినది. ధర్మవరము రామకృష్ణమాచార్యులు 1853లో ఆ యూర జనించి, బళ్లారిలో వకీలై, నాటకకర్త యయ్యెను. పొట్టకు వకాలతు, ప్రాణమునకు నాటకము. ఆయన చిత్రనళీయము 1887లో ప్రదర్శింపబడెను. తెలుగు నాటకమున పాటలను, రాగయుక్తమైన పద్యములను ప్రవేశపెట్టినవారిలో ఆయన ముఖ్యుడు. 1912లో మరణించు నాటికి ఆంధ్ర నాటక పితామహుడని పేరు గాంచెను. రాజుపై గాని కోవెలపై గాని ఆధారపడక, చదువుకొన్న గృహస్థులు సభగా గూడి కళను పోషింపవచ్చునని ఆయన జీవితము నిరూపించినది. పల్లెలలో హార్మోనియము పెట్టెకు ఎదుట తెల్లవాఱు వఱకు సాగిన పద్యనాటకములకు మూలము ఆ కాలపు కృషియే.

తెగిన దారమును ముడివేసినవాడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. 1893లో అనంతపురము జిల్లా రాళ్లపల్లిలో పుట్టి, మైసూరు చేరి, బిడారము కృష్ణప్పగారికడ సంగీత మభ్యసించెను. 1912 మొదలు 1949 వఱకు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించెను. అన్నము పెట్టినది అధ్యాపకత్వము. సంగీతము ఆయన తపస్సు. ఉద్యోగము ముగిసిన పిమ్మట విశ్రాంతి కోరలేదు. తిరుపతి చేరి, వేటూరి ప్రభాకరశాస్త్రి మొదలగు పండితులు పరిష్కరించుచు వచ్చిన ఆ రేకుల పాటలకు వరుసలు కట్టి, స్వరపఱచి ప్రకటించెను. 1974లో మదరాసు సంగీత విద్వత్సభ ఆయనకు సంగీత కళానిధి బిరుద మొసగెను. 1979లో ఆయన పరమపదించెను. పెనుకొండ కొలువున నిరాకరించిన నోటి పాటకు, ఆ కొండకు దూరముకాని యొక పల్లె బిడ్డ మరల గొంతునిచ్చెను. అయినను మనము వినునది ఆయన వరుస. అన్నమయ్య పాడిన వరుస కాదు. పోయినది పోయినదే.

ఇది పూర్వకథ మాత్రమే యని తలపకుడు. ధర్మవరము చెంత నిమ్మలకుంటలో తోలుబొమ్మలాటవారు రామాయణ భారతములను పాడుచు నాడించెడివారు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించెను. కాని ఆట పిలిపించువారు తగ్గినందున, అచట తోలుతో దీపపు బుట్టలు చేసి పొట్టపోసికొనువారే పెక్కురు. తోలుబొమ్మ అంగడిలో దొరకును; దానివెనుక పాట దొరకదు.

పెద్దలారా! రాగి మాటను కాచెను. రాయి రూపమును కాచెను. వరుసను కాచునది మనుష్యుని గొంతొకటే. మీ యూరి భజన కూటమిలో, కోలాటములో, పద్యనాటకములో మీరు నేర్చిన వరుస లున్నవి. అవి యే పుస్తకమునను లేవు. వానిని నేర్పిన గురువు పేరు, ఊరి పేరు, పాడు సందర్భము ఒక కాగితముపై వ్రాసియుంచుడు. మనుమని పిలిచి, వాని చేతి ఫోనులో మీ గొంతు నిలుపుమనుడు. అంతకన్న మేలు, వాని నెదుట కూర్చుండబెట్టుకొని ఒక్క పాటయైనను నోట నేర్పుడు.