విలోమక్రియ – పావులూరి మల్లన

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ట్యూషన్లలో సమీకరణమును సాధించు విద్యార్థి "అవతలి వైపునకు పోయిన ప్లస్ మైనస్ అగును" అని వల్లించును. ఎందుకగునని అడుగువారు అరుదు.

హేతువు ప్రాచీనము. క్రీ.శ. 499 ప్రాంతపు ఆర్యభటీయమున గణితపాదము విలోమక్రియను బోధించుచున్నది. తెలిసిన ఫలము నుండి వెనుకకు నడువవలెను. గుణకము భాజకమగును, కలిపినది తీసివేయబడును. ఒక సంఖ్యను 3చే గుణించి 5 కలుపగా 26 వచ్చినదనుకొందము. చివర కలిపినది 5 కనుక ముందుగా దానినే తీసివేయవలెను: 21. పిదప 3చే భాగింపగా 7. ఈ క్రమము తప్పినచో ఫలము తప్పును. గుర్తు తనంత తాను మారుట లేదు. చేసిన క్రియ విప్పబడుచున్నది.

సంస్కృతమున నున్న గణితవిద్య తెలుగు పద్యమునకు చేరుటకు శతాబ్దులు పట్టెను. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దిలో, జైనాచార్యుడు మహావీరుడు గణితసారసంగ్రహమును రచించెను. రాజరాజనరేంద్రుని కాలపువాడని సంప్రదాయము చెప్పు పావులూరి మల్లన దానిని తెనిగించెను. మల్లన శైవుడు. మూలమందలి జినప్రస్తావనల స్థానమున శివుని నిలిపెను; గణితపద్ధతిని మాత్రము జైనుని నుండి సంకోచము లేక స్వీకరించెను. పైగా స్వకీయములైన ఉదాహరణములను కూడ చేర్చెను.