స్లౌలో పుట్టిన విమానం, మా నాన్న కత్తెర

ఎక్కడా లేని, ఎప్పుడూ ఎగరని విమానానికి కొలతలు ఎలా తీస్తారు? ఇదేం పిచ్చి ప్రశ్న అనుకోకండి. 2008 చలికాలంలో నేనూ మా నాన్నా కలిసి దాదాపు రెండు నెలలు ఈ ప్రశ్నతోనే కుస్తీ పట్టాం.

అప్పట్లో మేం ఇంగ్లండులో స్లౌ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. హీత్రూ విమానాశ్రయం పక్కనే. లండన్ చుట్టూ కాంట్రాక్టు ఉద్యోగాలు చేసుకునే మనవాళ్ళకి ఈ ఊరు బాగానే తెలుసు. లండన్‌ కన్నా అద్దె తక్కువ, కరివేపాకు దొరుకుతుంది, అంతకన్నా ఏం కావాలి? మిగతా వాళ్ళకి మాత్రం అదో ఫ్యాక్టరీల ఊరు. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో సైన్యం మోటారు బళ్ళు బాగుచేసే డిపో కోసం తీసుకున్న స్థలం, 1920లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళి ట్రేడింగ్ ఎస్టేట్ అయింది. మార్స్ చాక్లెట్ 1932లో పుట్టింది ఈ ఊళ్ళోనే.

అమ్మ పోయాక అదే మొదటి చలికాలం. నాన్నని ఒక్కణ్ణే బెజవాడలో వదల్లేక ఆర్నెల్ల వీసా మీద తీసుకొచ్చాం. ముప్ఫై అయిదేళ్ళు రైల్వే వర్క్‌షాపులో రేకు పని చేసిన మనిషి. సాయంత్రం నాలుక్కే చీకటి పడే ఊళ్ళో, హీటరు పక్కన కుర్చీలో, ఏం తోచక కూర్చునేవాడు. మాట్లాడిస్తే "ఊఁ" అనేవాడు. అంతే.

ఆ రోజుల్లోనే ఒక చారిటీ షాపులో 'థండర్‌బర్డ్స్' డీవీడీల పెట్టె దొరికింది. మా అమ్మాయికి ఆరేళ్ళు. తోలుబొమ్మల్లా తీగల మీద ఆడే మనుషులూ, రాకెట్లూ, పేలుళ్ళూ చూసి తెగ మురిసిపోయింది. అందులోనూ లావుపాటి ఆకుపచ్చ విమానం, థండర్‌బర్డ్ 2, దానికి ప్రాణం. "నాకది కావాలి" అంది. బొమ్మ కొంటే పోయేది. "కాగితంతో చేసిస్తాలే, ఎంతసేపు" అన్నాను. ఎంతసేపో తరవాత తెలిసింది.

ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి.

1963 అక్టోబరు 24న పశ్చిమ జర్మనీలో లెంగెడె అనే చోట ఇనుప గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చాయి. 29 మంది పోయారు. లోపల ఇంకా మనుషులు బతికే ఉన్నారని తెలిసినా, భూమిలోకి అంత లోతు తొలిచే భారీ డ్రిల్లింగు యంత్రాలు దగ్గర్లో లేవు. దూరం నుంచి మోసుకు రావాలి. చివరికి నవంబరు 7న, రెండు వారాల తరవాత, పదకొండు మందిని ఒక సన్నటి ఉక్కు గొట్టంలో ఒక్కొక్కరినే పైకి లాగారు. ఆ వార్తలు విన్న వాళ్ళలో జెరీ ఆండర్సన్ అనే బ్రిటిష్ నిర్మాత ఒకడు. యంత్రాలు ఉండి కూడా చోటికి చేరడానికి ఇంత ఆలస్యమా, వాటిని గాలిలో మోసుకెళ్ళే సంస్థ ఒకటి ఉంటేనో అనుకున్నాడు. ఆ ఊహలోంచి, అతనూ భార్య సిల్వియా ఆండర్సనూ కలిసి 'థండర్‌బర్డ్స్' సీరియల్ తయారు చేశారు. 1965 సెప్టెంబరు 30న మొదలై మొత్తం 32 భాగాలు వచ్చింది.

కాబట్టి థండర్‌బర్డ్ 2 పొట్ట లావుగా ఉండడం చూసి నవ్వకూడదు. ఆ పొట్టే అసలు కథ. తొలిచే యంత్రాలూ, చిన్న జలాంతర్గామీ అన్నీ ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని పొట్టలో ఇరికించుకుని గంటకి 5000 మైళ్ళ వేగంతో పోతుంది. ఏ పనికి ఆ పెట్టె. పెట్టె మార్చుకోడానికి నాలుగు కాళ్ళ మీద పైకి లేచి నిలబడుతుంది. మా నాన్న అది చూసి మొదటిసారి "ఊఁ" కాకుండా ఇంకో మాటన్నాడు. "ఇది గూడ్సు బండి రా."

ఇవన్నీ ఎక్కడ తీశారో వెతికితే నేను నోరెళ్ళబెట్టాను. స్లౌ ట్రేడింగ్ ఎస్టేట్‌లోనట! స్టర్లింగ్ రోడ్డులో. నేను రోజూ ఆఫీసుకి పోయే బస్సు దారికి పక్కనే. ఒక ఆదివారం నాన్నని తీసుకెళ్ళి చూపించాను. షెడ్లూ, లారీలూ తప్ప ఏమీ లేదు. చలిలో చేతులు జేబుల్లో పెట్టుకుని కాసేపు చూసి, "వర్క్‌షాపులన్నీ ఒకేలా ఉంటాయి" అన్నాడు.

విమానాన్ని రూపు కట్టినవాడు డెరిక్ మెడింగ్స్. నమూనాల విభాగానికి అధిపతి. తరవాత జేమ్స్ బాండ్ సినిమాలకీ, 1978 నాటి 'సూపర్‌మాన్'కీ పనిచేశాడు, దానికి ఆస్కార్ కూడా పంచుకున్నాడు. థండర్‌బర్డ్ 2 రెక్కలు వెనక్కి కాకుండా ముందుకి వాలి ఉంటాయి. ఏరోడైనమిక్స్ ఏమైనా ఆలోచించాడేమో అనుకుంటాం. అదేం లేదు, అందరి విమానాల్లా కాకుండా తేడాగా ఉండాలని అలా పెట్టానని తనే చెప్పాడు. నిజానికి అలాంటి రెక్కలు అప్పటికే ఉన్నాయి. జర్మన్ల యుంకర్స్ 287 1944లోనే అలా ఎగిరింది. అమెరికా వాళ్ళ ఎక్స్-29 వచ్చింది 1984లో.

ఇక అసలు పని. పుస్తకాల్లో రాసిన కొలతల ప్రకారం థండర్‌బర్డ్ 2 పొడవు 250 అడుగులు, రెక్కల వెడల్పు 180, ఎత్తు 60. 250వ వంతుకి తగ్గిస్తే సరిగ్గా ఒక అడుగు పొడవు. భలే కుదిరిందనుకున్నాను. కానీ పొడవూ వెడల్పూ తెలిస్తే విమానం రాదు కదా, వంపులన్నీ కావాలి. వంపులు తెర మీదే ఉన్నాయి. డీవీడీ ఆపి, బొమ్మలు పట్టి, పిక్సెళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

మొదటి వారమే పప్పులో కాలేశాను. నేను పట్టిన బొమ్మ మీద ఇంజను గొట్టం మూతి చూసి నాన్న అడిగాడు. "గొట్టం గుండ్రంగా లేదేంట్రా? కోడిగుడ్డులా ఉంది."

తల గోక్కున్నాను. ఇరవై ఏళ్ళ కంప్యూటరు చదువూ, ఉద్యోగమూ ఉండి నేను చూడని సంగతి అది. ఇంగ్లండు డీవీడీలో ఒక్కో బొమ్మ 720 పిక్సెళ్ళ వెడల్పు, 576 ఎత్తు. టీవీ దాన్ని నాలుగుకి మూడు నిష్పత్తికి సాగదీసి చూపిస్తుంది. అంటే వెడల్పు 768 అయినట్టు. నేను సాగదీయకుండా కొలిచాను. నా విమానం ఆరు శాతం పొట్టిదైపోయింది. మొత్తం మళ్ళీ మొదటికి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఒక షాట్‌లో ముక్కు పెద్దదిగా, ఇంకో షాట్‌లో చిన్నదిగా వస్తుంది. ఎందుకంటే చిన్న నమూనా కొండంత కనిపించాలంటే కెమెరాని దానికి దగ్గరగా, కింద నుంచి పెట్టాలి. దగ్గరున్న ముక్కు ఉబ్బిపోతుంది, దూరంగా ఉన్న తోక చిక్కిపోతుంది. మనల్ని నమ్మించే మాయే మన కొలతని చెడగొడుతుంది. పైగా నమూనా ఒకటి కాదు. దూరం షాట్లకి చిన్నది, దగ్గర షాట్లకి పెద్దది. వాటికీ వాటికీ పోలికలు పూర్తిగా కుదరవు. ప్లాస్టిక్ బొమ్మల కిట్లలో ముక్కలు తీసి వాటి మీద అతికించేవారు. థండర్‌బర్డ్ 1 బయల్దేరే చోట గోడకి నిమ్మకాయలు పిండే ప్లాస్టిక్ సామాను కూడా ఉంటుంది!

ఇంకో వింత. ఇదంతా రంగుల్లో తీశారు, కానీ 1965లో బ్రిటన్‌లో టీవీ నలుపు తెలుపే. బీబీసీ రెండో ఛానెల్లో 1967లోనూ, ఈ సీరియల్ వేసిన ఐటీవీలో 1969లోనూ గానీ రంగులు రాలేదు. అంటే మొదటిసారి చూసిన పిల్లలకి థండర్‌బర్డ్ 2 బూడిదరంగులో కనబడింది. ఆకుపచ్చ అని తెలిసింది బొమ్మల కామిక్కుల వల్లా, ఆటవస్తువుల వల్లా. ఆ ఆటవస్తువులైనా నమ్మొచ్చా? డింకీ కంపెనీ బొమ్మ మొదట ఆకుపచ్చగా వచ్చి, 1970ల్లో నీలం అయింది.

మరి "అసలు" థండర్‌బర్డ్ 2 ఏది? మెడింగ్స్ గీసిన బొమ్మా? చిన్న నమూనానా? పెద్దదా? పుస్తకంలో 250 అడుగులా? చరిత్ర రాసేవాళ్ళ తలనొప్పి కూడా ఇదే. సాక్షులందరూ తలోరకంగా చెబుతారు, సంఘటన మాత్రం ఒక్కటే అయి ఉండాలి. ఇక్కడ ఆ ఒక్క సంఘటన కూడా లేదు. చివరికి మా అమ్మాయి తేల్చింది. "టీవీలో ఉన్నట్టు ఉండాలి తాతయ్యా." సరే, కళ్ళకి కనబడిందే ప్రమాణం.

సగటు తీసి, కంప్యూటర్లో త్రీడీ బొమ్మ కట్టి, దాన్ని విప్పి కాగితం మీద పరిచే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చాను. 214 ముక్కలొచ్చాయి. ప్రింటు తీసి నాన్న ముందు పెట్టాను.

"విమానమా ఇది, పగిలిన కుండా?"

అని, ఇంట్లో ఉన్న పాత పేపరు తీసి నేల మీద పరిచాడు. కంపాస్ అడిగాడు. "బకెట్ ఎలా చేస్తార్రా?" నాకు తెలీదు. "పై మూతి సగం 5 సెంటీమీటర్లు, అడుగు సగం 3, ఏటవాలు 4 అనుకో. ఆ గోడల్ని కిందకి పొడిగిస్తే మొన తేలేది ఎక్కడ? మొత్తం 10. పదితో ఒక గీత, ఆరుతో ఒక గీత. ఎంత మేర కొయ్యాలి? సరిగ్గా సగం చక్రం." కోసి చుట్టాడు. బుల్లి బకెట్ వచ్చింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

దీన్ని వర్క్‌షాపులో డెవలప్‌మెంట్ అంటారు. 1525లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ ఘనాకారాల్ని ఇలాగే విప్పి పరిచి పుస్తకంలో అచ్చేశాడు. 1772లో ఆయిలర్, ఏ ఉపరితలాలు చదునుగా పరచడానికి లొంగుతాయో లెక్క కట్టాడు. 1827లో గౌస్, బంతిని సాగదీయకుండా చదును చెయ్యడం ఎవరి తరమూ కాదని తేల్చాడు. నాన్నకి వీళ్ళెవరూ తెలీదు. ఆయన అన్నదిది: "రేకు వంగుతుంది, సాగదు. సాగాలంటే సుత్తి దెబ్బలు పడాలి. కాగితాన్ని సుత్తితో కొట్టలేం కదా, అందుకని నువ్వే తగ్గాలి."

తగ్గడమంటే, గుండ్రటి పొట్టని బకెట్ ముక్కల్లాంటి పట్టీలుగా కొయ్యడం. ఎక్కడ కొయ్యాలో అక్కడే కొయ్యడం. అతుకు నీడపడే చోట రావాలి, వెలుతురు పడే చోట కాదు. ఇది ఏ సాఫ్ట్‌వేరూ నాకు చెప్పలేదు. 214 ముక్కలు 38కి దిగాయి. ఈ విద్యకి ఇంగ్లండులో చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో లోహం యుద్ధానికి పోయి ఆటబొమ్మలు కరువైనప్పుడు, పోస్టుకార్డంత అట్టల మీద అచ్చేసిన మైక్రోమోడల్స్ కోసుకుని పిల్లలు రైళ్ళూ ఓడలూ చేసుకున్నారు. కాగితం ఎప్పుడూ లేమిలోనే ముందుకొస్తుంది.

ఫిబ్రవరిలో విమానం లేచి నిలబడింది. ముక్కు కొంచెం వంకర. పొట్టలో పెట్టె బయటికొస్తుంది. ఆ రెండు నెలల్లో నాన్న అమ్మ గురించి కూడా మాట్లాడాడు. పెళ్ళయిన కొత్తలో ఆమెకి రేకుతో పోపుల పెట్టె చేసిచ్చాడట. జిగురు ఆరేదాకా రెండు అంచులూ వేళ్ళతో నొక్కిపట్టుకుని కూర్చోవాలి కదా. అప్పుడొచ్చేవి ఆ మాటలు.

నాన్న 2016లో పోయాడు. నా త్రీడీ ఫైలు పాత లాప్‌టాప్‌తో పాటే పోయింది, ఎక్కడా కాపీ పెట్టలేదు. జీవితమంతా క్లయింట్లకి బ్యాకప్ గురించి చెప్పినవాణ్ణి! పాత పేపరు మీద నాన్న గీసిన గీతలు మాత్రం మడత పెట్టి బీరువాలో ఉన్నాయి. మెడింగ్స్ బృందం చేసిన నమూనాల్లోనూ చాలా మటుకు మిగల్లేదు. ఫిల్ము మిగిలింది.

2023 నవంబరులో ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగం కూలి 41 మంది కూలీలు లోపల చిక్కుకున్నప్పుడు, రోజూ ఫోన్లో వార్తలు చూసేవాణ్ణి. వాయుసేన హెర్క్యులిస్ విమానాలు తొలిచే యంత్రాన్ని భాగాలుగా మోసుకొచ్చాయి. లావుపాటి విమానం పొట్టలోంచి యంత్రం దిగుతుంటే, ఇది మన గూడ్సు బండి కదా అనిపించింది. 1963లో జెరీ ఆండర్సన్ కోరుకున్నది అచ్చంగా ఇదే. కానీ యంత్రం మధ్యలో విరిగిపోయింది. ఆఖరి పది పన్నెండు మీటర్లు, గనుల్లో ఎలుక బొరియల్లాంటి సొరంగాలు తవ్విన కూలీలు చేత్తో తవ్వారు. పదిహేడో రోజున 41 మందీ బయటికొచ్చారు.

సీరియల్లో ఎప్పుడూ యంత్రమే గెలుస్తుంది. ఆ సీరియల్ తీసిన షెడ్డులో మాత్రం గెలిచింది చేతులే. ఆ మాట నాన్నకి చెప్పాలనిపించింది. చెబితే "ఊఁ" అనేవాడేమో. అది చాలు.