రూట్ తాళంచెవి ఎవరి దగ్గర?

ఖమ్మం అంచున ఖానాపురం హవేలిలో ఓ డిగ్రీ విద్యార్థి లినక్స్ ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి ‘ఎస్‌యూ’ అని కొడితే, పలికేది యాభయ్యేళ్లు దాటిన ఆదేశం. 1971 నవంబర్ 3 తేదీతో బెల్ ల్యాబ్స్‌లో వచ్చిన తొలి యూనిక్స్ మాన్యువల్‌లోనే అది ఉంది. రాసినవాళ్లు కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ.

అప్పటి కంప్యూటర్ ఒక్కరి సొత్తు కాదు. ఒకే యంత్రం మీద పలువురు పనిచేసేవారు. ఒకరి ఫైళ్ల జోలికి మరొకరు పోకుండా ఎవరి ఖాతా వారిదే. అన్నిటిమీదా పెత్తనం ‘రూట్’ ఖాతాది. మామూలు ఖాతాలో ఉన్నవాళ్లు అవసరమైనప్పుడు రూట్‌గా మారడానికే ఎస్‌యూ పుట్టింది. వేరే ఏ ఖాతాలోకైనా మారే వీలు తర్వాత కలిసింది.

ఎస్‌యూ అడిగే రూట్ పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడదు. సరిపోతే డాలర్ గుర్తు పోయి హ్యాష్ గుర్తు వస్తుంది. వ్యవస్థ చూసేది ఖాతా పేరును కాదు, దాని అంకెను: రూట్ అంటే సున్నా. ఎస్‌యూకు ఈ మార్పు సాధ్యం చేసేది, నడిపేవారి హక్కుతో కాక, ఫైలు యజమాని హక్కుతో ప్రోగ్రామ్ నడిచే ఏర్పాటు. అది రిచీ ఆలోచన. దానికి 1979లో పేటెంట్ వచ్చింది.

ఎస్‌యూతో ఒక చిక్కుంది. రూట్ పాస్‌వర్డ్ నలుగురికీ చెప్పాలి, లేదా ఒక్కరే దాచుకోవాలి. 1984లో ఎంఐటీ ఏఐ ల్యాబ్‌లో కొందరు ఆపరేటర్ పాస్‌వర్డ్ మార్చేసి మిగతావారికి చెప్పలేదు. అందుకే గ్నూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్, గ్నూ ఎస్‌యూను కొద్దిమందికే పరిమితం చేసే ఏర్పాటుకు ఒప్పుకోలేదు. ఊరి భూమి లెక్కలన్నీ పట్వారీ గుప్పిట్లో ఉండటం ఎలా ఉంటుందో తెలిసిన తెలంగాణ పల్లెలకు ఈ గొడవ కొత్తది కాదు. యాదృచ్ఛికమే అయినా, ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ పదవులను రద్దు చేసిందీ 1984 జనవరిలోనే.

మరో దారిని 1980 ప్రాంతంలో బఫలోలోని న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ చూపించారు. అదే ‘సుడో’. ఇందులో కొట్టేది ఎవరి పాస్‌వర్డ్ వారిదే. ఎవరు ఏ పని చేయవచ్చో ముందే రాసి ఉంటుంది, చేసింది లాగ్‌లో నమోదవుతుంది. తాళంచెవి చేతులు మారదు, పని మాత్రం జరుగుతుంది. ఇదే మెరుగైన పద్ధతి. 2004 అక్టోబర్‌లో వచ్చిన ఉబుంటు లినక్స్ తొలి విడుదలలోనే రూట్ ఖాతాకు తాళం వేసి, సుడోనే ముందుపెట్టారు.

ఎస్‌యూకి ఇంకా చోటుంది, కానీ వాడేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. డెబియన్ లినక్స్ పదో వెర్షన్ నుంచి దాని పక్కన చిన్న గీత పెట్టకపోతే రూట్‌గా మారినా, ఆదేశాలను వెతికే దారులు పాత ఖాతావే మిగులుతాయి. కొత్త ఖాతా తెరిచే ‘యాడ్‌యూజర్’ కొడితే ఆదేశం దొరకలేదంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ గీత మరవకండి. పని కాగానే ‘ఎగ్జిట్’ కొట్టి మీ ఖాతాలోకి వచ్చేయండి.