స్థోమత అనే ఒక్క మాట

నామఫలకాలపై ఏ భాష ఉండాలన్న వివాదం స్వతంత్ర భారతంలో నేటికీ చల్లారలేదు. రైల్వే స్టేషన్లలో హిందీ అక్షరాలకు తారు పూసిన ఉద్యమాలను దేశం చూసింది. ఆశ్చర్యమేమంటే, చూపులేనివారి లిపిలో ఈ సమస్య చాలావరకు 1951లోనే పరిష్కారమయింది. ఆ ఏడాది ఖరారైన భారతి బ్రెయిలీలో తెలుగు ‘క’కూ హిందీ ‘క’కూ చుక్కలు ఒక్కటే. కాని ఆ చుక్కలు ప్రభుత్వ భవనాల గోడల దాకా చేరలేదు.

1995 నాటి వికలాంగుల చట్టం 46వ సెక్షన్ లిఫ్టుల్లో బ్రెయిలీ గుర్తులు, శబ్ద సంకేతాలు ఏర్పాటు చేయాలన్నది. అయితే ప్రభుత్వాలు తమ ‘ఆర్థిక స్థోమత, అభివృద్ధి పరిమితులకు’ లోబడి ఆ పని చేస్తే చాలునని ముందే మినహాయింపు ఇచ్చింది. ప్రారంభోత్సవం నాడు మంత్రిగారి పేరు చెక్కించే శిలాఫలకానికి మాత్రం స్థోమత ఎన్నడూ అడ్డురాలేదు! కార్యాలయంలో గది ఎక్కడుందో మరొకరిని అడగవలసిన పౌరుడు, తరచుగా తాను వచ్చిన పని కూడా వారికి చెప్పుకోవలసి వస్తుంది. దారి చూపే ఫలకం కాపాడేది ఆ గోప్యతను కూడా.

చూపులేని రాజీవ్ రతూరి బహిరంగ స్థలాల్లో అందుబాటు కోసం 2005లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఆ వ్యాజ్యం నడుస్తుండగానే వచ్చిన 2016 చట్టం, అందుబాటుకు సంబంధించిన సెక్షన్లలో స్థోమత ప్రస్తావన తీసివేసింది. పాత ప్రజాభవనాలకు సైతం ఐదేళ్ల గడువు విధించింది. తలుపు మూసినట్టే కనిపించింది. కాని 2017 నియమావళిలోని 15వ నియమం, ఫలకాల అక్షరాల పరిమాణం మొదలు అమర్చవలసిన ఎత్తు వరకు ప్రమాణాలన్నిటికీ మార్గదర్శకాలనే ఆధారం చేసుకుంది. వాటి భాషలో ఆదేశం కంటే సిఫారసే ఎక్కువ. పార్లమెంటు ‘చేయాలి’ అన్నది అధికారుల చేతిలో ‘చేయవచ్చు’గా మారింది.

హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయ వైకల్య అధ్యయన కేంద్రం నివేదికను పరిశీలించిన సుప్రీంకోర్టు, 2024 నవంబరు 8న ఆ నియమంలోని మొదటి భాగం చట్టవిరుద్ధమని తేల్చింది. తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలనీ, అవి వచ్చాక పాటించని భవనాలకు పూర్తి ధ్రువపత్రం నిలిపివేయడం, జరిమానా వంటి చర్యలు అమలు కావాలనీ కేంద్రాన్ని ఆదేశించింది. రతూరి వ్యాజ్యానికి అప్పటికి 19 ఏళ్లు.