విర్గో రేవు, కొవ్వుపట్టణం



మన దేశపు ‘హిమాద్రి’ పరిశోధనాకేంద్రం 2008లో నెలకొన్న స్పిట్స్‌బెర్గెన్ ద్వీపానికి వాయవ్యమూలన, ఉత్తరధ్రువానికి చేరువలో, డేన్స్ దీవి అనే చిన్న లంక ఉన్నది. దాని ఉత్తరతీరాన ఒదిగిన రేవు విర్గోహామ్న. 1896లో స్వీడన్ దేశీయుడైన ఆండ్రే తన బెలూను సామగ్రిని తెచ్చిన ‘విర్గో’ అనే ఓడ పేరే దానికి నిలిచిపోయింది. ఆ యేడు గాలి అనుకూలించలేదు. 1897 జూలై 11న ఆండ్రే, స్ట్రిండ్‌బెర్గ్, ఫ్రెంకెల్ అక్కడినుండి ధ్రువం వైపు ఎగిరారు. మూడు రోజులకే బెలూను మంచుమీద దిగిపోయింది. నెలల తరబడి నడిచి శ్వేతద్వీపం చేరి, ముగ్గురూ అక్కడే మరణించారు. 1930లో వారి అవశేషాలు దొరికినపుడు స్వీడన్ రాజు స్వయంగా ఎదురేగి గౌరవించాడు. ముప్ఫైమూడేళ్ళు మంచులో పడియున్న ఫిల్ములను కడిగితే బొమ్మలు వచ్చాయి!

ఇది లోకానికి తెలిసిన కథ. ఆండ్రే కాలుమోపిన ఆ రేవులోనే అంతకు రెండున్నర శతాబ్దాల ముందు డచ్చివారు తిమింగలాల కొవ్వు కాచారన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. వారి ప్రధానస్థావరం ఇరుకైన జలసంధికి అవతల, ఆమ్‌స్టర్‌డామ్ దీవిలో ఉండేది. పేరు స్మీరెన్‌బర్గ్, అనగా కొవ్వుపట్టణం. (పేరు పెట్టినవారికి అలంకారాలమీద మోజు లేనట్లున్నది.) రాగి కాగులనుండి పొంగి ఒలికిన కొవ్వు ఇసుకతో కలిసి రాయిలా గడ్డకట్టగా, ఆ పొయ్యిల వలయాలు నేటికీ కనబడుతున్నాయి. వేలాది జనంతో, అంగళ్ళతో కళకళలాడిన నగరమని తరువాతి రచయితలు వర్ణించారు. 1979-81 తవ్వకాలలో తేలినదేమంటే, మహా అయితే 200 మంది. అతిశయోక్తి కవుల సొత్తేనని ఎవరన్నారు?

1633లో చలికాలమంతా కాపలా ఉండుమని ఏడుగురిని అక్కడ నిలిపితే, బ్రతికి బయటపడ్డారు. ఆ ధైర్యంతో మరుసటి యేడు మరో ఏడుగురిని నిలిపారు. ఒక్కరూ మిగలలేదు. ఆండ్రే బృందం కీర్తికోసం వెళ్ళింది, వీరు కూలికోసం. నా మనస్సు వీరివైపే మొగ్గుతుంది.

1980లో స్పిట్స్‌బెర్గెన్ ప్రాంతంలో 185 మంది డచ్చి తిమింగల వేటగాళ్ళ, కొవ్వు కాచేవాళ్ళ సమాధులను పరిశోధకులు పరిశీలించారు. తలలకు ఉన్నిటోపీలు ఇంకా ఉన్నాయి. ఒక్కొక్క టోపీ అల్లిక ఒక్కొక్క తీరు. చలికి నిండా కప్పుకొన్నవారు ఆ రంగులను, చారలను బట్టే ఒకరినొకరు గుర్తుపట్టేవారట. ఏ తల్లి అల్లినదో, ఏ ఇల్లాలు అల్లినదో! ఆ టోపీలు కొన్ని ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ నగరంలోని రైక్స్ మ్యూజియంలో ఉన్నాయి.