సెండ్‌మెయిల్ దగ్గర ఆగింది

మీ ముందు సెంటోస్ 5 నడిచే పాత సర్వర్. కెర్నెల్ తన సోదంతా గబగబా చెప్పేసి తప్పుకుంది. తర్వాత వచ్చిన స్టార్టప్ స్క్రిప్టు, 'ఐ' నొక్కితే ఒక్కో సర్వీసూ అడిగి మొదలుపెడతానంది; మీరు నొక్కలేదు. నల్లటి తెర మీద ఎడమన సర్వీసు పేరు, కుడి చివర పచ్చగా 'ఓకే'. నెట్‌వర్క్, ఓకే. సిస్‌లాగ్, ఓకే. ఎస్ఎస్‌హెచ్, ఓకే.

సెండ్‌మెయిల్... కర్సర్ కదలదు.

ఫ్యాన్ హోరు తప్ప చప్పుడు లేదు. డిస్క్ లైటు చూడండి, వెలగడం లేదు. యంత్రం కష్టపడటం లేదు, ఊరికే ఎదురుచూస్తోంది. తన పూర్తి పేరేమిటని సెండ్‌మెయిల్ డీఎన్ఎస్‌ను అడిగింది. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. గడువు తీరేదాకా ఇది కదలదు. ర్యామ్ పెంచమని సలహా ఇచ్చేవాళ్లను ఇలాంటప్పుడే పిలిచి చూపించాలి.

సర్వీసులు లేచే వరస వాటి స్క్రిప్టుల పేర్లలోనే ఉంది: ఎస్10 నెట్‌వర్క్, ఎస్80 సెండ్‌మెయిల్, ఎస్90 క్రాన్. క్రాన్ లేవడానికి సెండ్‌మెయిల్‌తో పనేం లేదు. అయినా 80 కదిలితేగాని 90కి వంతు రాదు. 2010లో లెన్నార్ట్ పాటరింగ్, కే సీవర్స్ సిస్టమ్‌డీ తెచ్చి, సంబంధం లేని సర్వీసులను ఒకేసారి లేపడం మొదలుపెట్టింది ఈ క్యూ చూసి విసిగే.

ఎట్టకేలకు లాగిన్. డీఎన్ఎస్‌ను అడగనక్కర్లేకుండా హోస్ట్స్ ఫైలులో సర్వర్ పేరు ఒక్క వరస రాశారు. రీబూట్.

ఇప్పుడు సర్వీసులను ఆపే 'కె' స్క్రిప్టుల వంతు. ఒక్కొక్కటే ఆగుతున్నాయి, చకచకా. మరీ చకచకా. డేటాబేస్ పేరు తెర మీదికి రానేలేదు! ఎవరో చేత్తో రాసి ఎస్99గా పెట్టిన స్క్రిప్టు అది. లాక్ ఫైలు పెట్టదు. సబ్‌సిస్ డైరెక్టరీలో లాక్ ఫైలు లేకపోతే ఆ సర్వీసు నడవడం లేదనుకుని, ఈ స్క్రిప్టులను నడిపే ఆర్‌సీ దాని 'కె' స్క్రిప్టును దాటేస్తుంది. చివర్లో అన్ని ప్రాసెస్‌లకూ కలిపి టర్మ్ సిగ్నల్, కొన్ని సెకన్లకే కిల్. మెమరీలోని మార్పులు డేటాఫైళ్లకు చేరకముందే డేటాబేస్ పీక తెగింది.

మళ్లీ బూట్. సెండ్‌మెయిల్ రెప్పపాటులో ఓకే. క్రాన్ ఓకే. ఎస్99 దగ్గర డిస్క్ లైటు ఆగకుండా మిణుకుతోంది: డేటాబేస్ ఇంజిన్ ఇన్నోడీబీ తన లాగ్ చదువుకుంటూ, తెగిన పనులు సరిచేసుకుంటోంది. షట్‌డౌన్‌లో మిగిలిన సెకన్లకు ఇక్కడ నిమిషాల్లో వడ్డీ.

లాగిన్ అయ్యారు. స్క్రిప్టు స్టార్ట్ భాగంలో లాక్ ఫైలు పెట్టే వరస, స్టాప్ భాగంలో దాన్ని తీసేసే వరస చేర్చి, డేటాబేస్‌ను ఆ స్క్రిప్టుతోనే ఆపి లేపారు. మళ్లీ రీబూట్. ఈసారి డేటాబేస్ ఆగడానికే నిమిషం దాటింది. దాటనివ్వండి.